నెత్తుటి చుక్కలో విద్యుత్తు



కిందటి వానకాలంలో ఒక ఉదయం, ఇంకా ప్రార్థన గంట కొట్టలేదు, మా బడి గేటు దగ్గర ఒక తండ్రి నిలబడి ఉన్నారు. మాది హోసూరు పక్కన ఒక పల్లె. ఆయన కొడుకు మా తొమ్మిదో తరగతి పిల్లవాడు. నాలుగు రోజులుగా జ్వరంతో బడికి రావడం లేదు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. "టీచరమ్మా, ఇది రవ్వంత చూసి చెప్పండి. అంతా ఇంగ్లీషులో ఉంది. ల్యాబులో పిల్లవాడు కణాలు తక్కువైనాయి అని మాత్రం చెప్పినాడు" అన్నారు.

అది రక్తపరీక్ష రిపోర్టు. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. హిమోగ్లోబిన్ సరిగానే ఉంది, ఎర్రకణాలు సరిగానే ఉన్నాయి, తెల్లకణాలూ అంతే. చివరన ప్లేట్‌లెట్ల దగ్గర మాత్రం 31,000 అని ఉంది. ఆ అంకె పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు. మామూలుగా ఉండవలసింది మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా. ఊళ్లో డెంగీ తిరుగుతున్న రోజులు. "బెంగళూరుకు ఎత్తుకొని పోతాము. మా ఇంటామె గొలుసు కుదువ పెట్టేదానికి మాట్లాడి వచ్చినాను" అన్నారాయన. తాకట్టును మా వైపు కుదువ అంటాం.

నేను డాక్టరును కాను. బి.ఎస్సీ., బి.ఇడి. చదివి సైన్సు పాఠాలు చెప్పుకునేదాన్ని. అయినా అడిగాను: "అన్నా, పిల్లవాడు ఎట్లా ఉన్నాడు?" నిన్నటి నుంచి జ్వరం లేదట. రాత్రి రెండు దోసెలు తిన్నాడట. చిగుళ్ల నుంచి రక్తం రావడం గానీ, ఒంటి మీద ఎర్రచుక్కలు గానీ ఏమీ లేవట. "డాక్టరుగారు తొమ్మిదింటికి వస్తారు కదా, ముందు ఆయనకు చూపించండి. ఈ నక్షత్రం గుర్తు ఎందుకు పెట్టారో తప్పకుండా అడగండి" అన్నాను.

ఆ 31,000 అనే అంకెను ఏ మనిషీ లెక్కపెట్టలేదు. దాన్ని విద్యుత్తు లెక్కపెట్టింది. ఎలా లెక్కపెడుతుందో, ఎక్కడ పొరపడుతుందో తెలియాలంటే రక్తకణానికీ విద్యుత్తుకూ ఉన్న సంబంధం తెలియాలి. ఈనాటి ప్రసంగం దాని గురించే. ఆ పిల్లవాడి సంగతి మధ్యలో మళ్లీ చెబుతాను.

మా వైపు ఇళ్లలో దీన్ని నెత్తురు అంటాం. హోసూరు ల్యాబుకు పోతే రత్తం, బెంగళూరు ఆసుపత్రికి పోతే రక్త. ఏ పేరుతో పిలిచినా రుచి మాత్రం ఉప్పనే. వేలు తెగినప్పుడు నోట్లో పెట్టుకున్న వారందరికీ ఈ సంగతి తెలుసు. రక్తంలోని ద్రవభాగాన్ని ప్లాస్మా అంటారు. అందులో మాంసకృత్తులు, చక్కెర వంటివి ఎన్ని ఉన్నా, విద్యుత్తు దృష్టితో చూస్తే అది ముఖ్యంగా ఉప్పునీరు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైను సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్లాస్మాలో ఉండే లవణాల మోతాదు కూడా ఇంచుమించు అంతే. ఉప్పు నీటిలో కరిగినప్పుడు ధనావేశం గల సోడియం అయానులుగా, ఋణావేశం గల క్లోరైడు అయానులుగా విడిపోతుంది. తీగలో ఎలక్ట్రాన్లు చేసే పనిని ఉప్పునీటిలో ఈ అయానులు చేస్తాయి. కనుక ప్లాస్మా మంచి విద్యుద్వాహకం.

మరి కణాలో? ఇక్కడ మా తరగతిలో చేసే ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఇంట్లో గోడలో ఉండే కరెంటుతో ఎవరూ దీన్ని చేయరాదు, టార్చిలైటు బ్యాటరీలతోనే చేయాలి. గాజు గ్లాసులో చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు పోసి, రెండు తీగలు ముంచి, బ్యాటరీకీ మిల్లీఅమ్మీటరుకూ కలిపితే ముల్లు ఒకచోట నిలుస్తుంది. ఇప్పుడు గ్లాసులో ప్లాస్టిక్ పూసలు పోసి, పైకి పొంగిన నీళ్లు వంపేస్తే ముల్లు వెనక్కి జారుతుంది. పూసల్లోంచి విద్యుత్తు పోలేదు. పూసల మధ్య సందుల్లో మిగిలిన ఉప్పునీటిలోంచే చుట్టుతిరిగి పోవాలి. దారి ఇరుకై, పొడవై, ప్రవాహం తగ్గింది.

రక్తంలో ఎర్రకణాలు ఆ పూసల్లాంటివి. రక్తం పరిమాణంలో అవి నూటికి నలభై, నలభై అయిదు పాళ్లు ఉంటాయి. ప్లాస్మాతో పోలిస్తే మొత్తం రక్తం యొక్క విద్యుద్వాహకత సగం కంటె తక్కువ. రక్తహీనత ఉన్నవారిలో కణాలు తక్కువ, అందుచేత వారి రక్తం విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. ఈ సూత్రం మీదనే అత్యవసర విభాగాల్లో వాడే కొన్ని చిన్న యంత్రాలు రక్తంలో కణాల పాలు ఎంతో రెండు నిమిషాల్లో చెబుతాయి. అయితే రోగికి సెలైను బాగా ఎక్కించిన తరువాత మాంసకృత్తులు పలచబడతాయి. మాంసకృత్తులు కూడా విద్యుత్తుకు కొంత అడ్డే కనుక, అవి తగ్గినప్పుడు యంత్రం కణాలు ఉన్నదానికంటె తక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. డాక్టర్లు ఈ సంగతి గుర్తుంచుకొనే ఆ అంకెను చదువుతారు.

పూస అన్నాను గానీ, పూసకూ ఎర్రకణానికీ ఒక పెద్ద తేడా ఉంది. పూస లోపలంతా ప్లాస్టిక్కే. ఎర్రకణం లోపల మళ్లీ ఉప్పునీరే ఉంది, హిమోగ్లోబిన్ దండిగా కలిసిన ఉప్పునీరు. విద్యుత్తును అడ్డగిస్తున్నది పైనున్న చర్మం ఒక్కటే. దాన్నే కణత్వచం అంటారు. ఈ సంగతి ఎలా తెలిసింది? 1910 ప్రాంతంలో రుడాల్ఫ్ హోబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎర్రకణాల ముద్దను మామూలు విద్యుత్తుతో కాకుండా, సెకనుకు లక్షలసార్లు దిశ మార్చుకునే విద్యుత్తుతో పరీక్షించాడు. మామూలు విద్యుత్తుకు అడ్డుగోడలా నిలిచిన కణాలు ఈ వేగవంతమైన విద్యుత్తుకు దారి ఇచ్చాయి. అంటే లోపల విద్యుద్వాహక ద్రవం ఉంది, దాని చుట్టూ పలుచని బంధక పొర ఉంది.

రెండు వాహకాల మధ్య పలుచని బంధకం ఉంటే దాన్ని ఏమంటాం? కండెన్సరు. మీ ఇంట్లో సీలింగు ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియను వచ్చి మార్చే చిన్న డబ్బా అదే. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. కండెన్సరులో బంధక పొర ఎంత పలుచగా ఉంటే దాని సామర్థ్యం అంత ఎక్కువ. కనుక సామర్థ్యం కొలిచి, పొర ఎంత మందమో లెక్కకట్టవచ్చు. ఈ పని చేసినవాడు హ్యూగో ఫ్రికె. డెన్మార్కులో పుట్టి, అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. 1925లో ఆయన కుక్క ఎర్రకణాలను తీసుకొని కొలిచాడు. ఒక చదరపు సెంటీమీటరు త్వచానికి 0.81 మైక్రోఫారడ్ వచ్చింది. ఆ పొర నూనెలాంటి పదార్థమని అనుకొని లెక్కవేస్తే మందం 3.3 నానోమీటర్లు అని తేలింది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన తలవెంట్రుకను అడ్డంగా ఇరవై వేల పొరలుగా చీలిస్తే ఒక పొర ఎంత ఉంటుందో అంత.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇంకా పుట్టని రోజుల్లో, కంటితో చూడకుండా, ఒక గ్లాసూ రెండు పలకలూ పెట్టుకొని ఆయన చెప్పిన కొలత ఇది. తరువాత 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద త్వచం మొత్తం మందం ఏడెనిమిది నానోమీటర్లుగా కనిపించింది. అందులో విద్యుత్తును ఆపే నడిమి నూనె పొర మూడు నాలుగు నానోమీటర్లే. ఫ్రికె కొలిచింది ఆ నడిమి పొరనే. పిల్లలకు ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది.

మా తరగతి పిల్లలతో ఒక లెక్క కూడా చేయించాను. ఒక ఎర్రకణం పైచర్మం వైశాల్యం సుమారు 140 చదరపు మైక్రాన్లు. ఫ్యాను కండెన్సరంత సామర్థ్యం రావాలంటే ఎన్ని కణాల చర్మం పక్కపక్కన పరవాలి? ఇరవై లక్షల పైచిలుకు వచ్చింది. భయపడవద్దు, ఒక మైక్రోలీటరు రక్తంలోనే యాభై లక్షల ఎర్రకణాలు ఉంటాయి. అంటే సూదితో పొడిస్తే వచ్చే చుక్కలో చాలా కొద్ది భాగం చాలు. కానీ ఆ చర్మంతో ఫ్యాను తిప్పలేం. ఫ్యాను కండెన్సరు వందల వోల్టులకు తట్టుకుంటుంది. కణత్వచం మీద ఒక వోల్టు పడితే చాలు, చిల్లులు పడిపోతుంది.

ఇప్పుడు లెక్కపెట్టే యంత్రం దగ్గరకు వద్దాం. పూర్వం రక్తకణాలను మైక్రోస్కోపు కింద కంటితో లెక్కపెట్టేవారు. రక్తాన్ని రెండువందల రెట్లు పలుచన చేసి, గళ్లు గీసిన గాజుపలక మీద వేసి, ఎనభై చిన్న గళ్లలో ఉన్న ఎర్రకణాలను లెక్కించి, వచ్చిన అంకెను పదివేలతో హెచ్చవేసేవారు. అయిదువందల కణాలు కనిపిస్తే యాభై లక్షలు అన్నమాట. రెండు కణాలు ఎక్కువ లెక్కపెడితే ఇరవై వేలు పెరిగిపోతుంది. పగలంతా ఆ పలక మీదికి వంగి చూసే ల్యాబు మనిషికి సాయంత్రానికి కళ్లు తిరిగేవంటే ఆశ్చర్యం లేదు.

వాలెస్ కూల్టర్ అనే అమెరికన్ దీనికి మార్గం కనిపెట్టాడు. అతను డాక్టరు కాదు, విద్యుత్ పరికరాల మనిషి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఎక్స్‌రే యంత్రాల అమ్మకం, మరమ్మతు పనుల మీద తూర్పు దేశాల్లో తిరిగాడు. ఆసుపత్రుల ల్యాబుల్లో జనం కళ్లు పొడుచుకొని కణాలు లెక్కపెట్టడం చూశాడు. అతని ఆలోచన ఇది: రక్తాన్ని ఉప్పునీటిలో వేల రెట్లు పలుచన చేయాలి. ఆ ద్రవాన్ని ఒక సన్నని చిల్లి గుండా పీల్చాలి. చిల్లికి ఇటూ అటూ రెండు ఎలక్ట్రోడులు పెట్టి విద్యుత్తు పంపాలి. చిల్లి నిండా ఉప్పునీరు ఉన్నంతసేపు విద్యుత్తు నిలకడగా పోతుంది. కణం ఒకటి చిల్లిలోకి రాగానే, అది తన ఒడ్డూపొడుగూ ఎంతో అంత ఉప్పునీటిని పక్కకు నెడుతుంది. కణం చర్మం బంధకం కనుక ఆ క్షణంలో నిరోధం పెరుగుతుంది. యంత్రంలో ఒక చిన్న ఎగుడు నమోదవుతుంది. ఒక ఎగుడుకు ఒక కణం. ఎగుడు ఎత్తు ఎంతో కణం పరిమాణం అంత.

మొదటి ప్రయత్నాల్లో సిగరెట్టు పెట్టె మీది సెలొఫేను కాగితానికి వేడి సూదితో చిల్లి పొడిచి వాడాడని చెబుతారు. 1949లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1953 అక్టోబరులో అది దక్కింది. తరువాత వచ్చిన యంత్రాల్లో చిల్లి వ్యాసం నూరు మైక్రాన్లు, అంతకంటె చిన్నవీ ఉన్నాయి. సెకనుకు వేల కణాలు దాటిపోతాయి. అయిదువందలు లెక్కపెట్టిన చోట యాభై వేలు లెక్కపెట్టగలిగితే పొరపాటు పాలు పదో వంతుకు దిగుతుంది. ఇప్పుడు కొన్ని పెద్ద యంత్రాలు లేజరు కాంతిని కూడా వాడతాయి. కానీ మన తాలూకా ఊళ్ల ల్యాబుల్లో బల్ల మీద కూర్చున్న పెట్టెలు చాలామటుకు ఈ చిల్లి సూత్రం మీద పనిచేసేవే.

యంత్రానికి ఎగుడు ఎత్తు తప్ప మరేమీ కనిపించదని గమనించండి. రంగు తెలియదు, ఆకారం తెలియదు. ఎర్రకణం పరిమాణం సుమారు 90 ఫెమ్టోలీటర్లు. ప్లేట్‌లెట్టు అందులో పదో వంతు. చిన్న ఎగుడు వస్తే ప్లేట్‌లెట్టు అని, పెద్ద ఎగుడు వస్తే ఎర్రకణం అని యంత్రం రాసుకుంటుంది. తెల్లకణాలను లెక్కపెట్టేటప్పుడు ఎర్రకణాలను మందుతో కరిగించి, మిగిలినవాటిని లెక్కపెడుతుంది. చిల్లిలోకి రెండు కణాలు ఒకేసారి దూరితే ఒకటే అనుకుంటుంది. దానికి సవరణ లెక్క యంత్రంలోనే ఉంటుంది. ఇనుము లోపం వల్లనో తలసీమియా వల్లనో ఎర్రకణాలు మరీ చిన్నవైనా, ముక్కలైనా, వాటిని ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టి ఎక్కువ చూపించవచ్చు. దీనికి తలకిందుగా, పది ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొని ముద్దగా వస్తే? యంత్రం ఆ ముద్దను ఒక్కటిగా లెక్కపెడుతుంది. ముద్ద మరీ పెద్దదైతే తెల్లకణం కింద రాసుకుంటుంది. ప్లేట్‌లెట్ల అంకె మాత్రం పడిపోతుంది.

మా పిల్లవాడి విషయంలో జరిగింది ఇదే. ఊదారంగు మూత గల గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఇ.డి.టి.ఏ. అనే లవణం పూసి ఉంటుంది. కొందరి రక్తంలో ఉండే ఒక ప్రతిరక్షక పదార్థం ఇ.డి.టి.ఏ. సమక్షంలో ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటిస్తుంది. ఒంట్లో కాదు, గొట్టంలో మాత్రమే. ఇది అరుదైన విషయమే. రక్తం తీయడం ఆలస్యమైనా, తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి కలపకపోయినా కూడా ముద్దలు కట్టవచ్చు. యంత్రానికి ఎగుళ్ల తీరు చూసి అనుమానం వచ్చింది. ఆ అనుమానమే నక్షత్రం గుర్తు. డాక్టరుగారు కాగితం చూసి, పిల్లవాణ్ణి చూసి, మళ్లీ రక్తం తీయించారు. ఈసారి సిట్రేటు ద్రవం ఉన్న నీలిమూత గొట్టంలో కూడా తీయించారు. ఒక చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడమన్నారు. మొదటి గొట్టం రక్తంలో పలక అంచున ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా కనిపించాయి. సిట్రేటు గొట్టంలో లెక్క 1,75,000 వచ్చింది. సిట్రేటు ద్రవం తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు కలుస్తుంది కాబట్టి ఆ అంకెను 1.1తో హెచ్చవేయాలి. 1,92,500. గొలుసు కుదువకు పోలేదు.

ఇది విని, ప్లేట్‌లెట్లు తగ్గాయని రిపోర్టు వస్తే అది యంత్రం తప్పేనని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే తగ్గుతాయి. జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసిన రోజులు కూడా. ఏది నిజమైన తగ్గుదలో, ఏది గొట్టంలో పుట్టిందో తేల్చవలసింది డాక్టరుగారు. మనం చేయగలిగింది, పలక మీద చూశారా అని అడగడం.

ఇంతవరకు కణం విద్యుత్తును అడ్డగించే గుణం చెప్పాను. కణానికి సొంతంగా విద్యుదావేశం కూడా ఉంది. ఎర్రకణం చర్మం మీద సయాలిక్ ఆమ్లం అనే పదార్థం నూగులా మొలిచి ఉంటుంది. దాని వల్ల కణం పైభాగమంతా ఋణావేశంతో ఉంటుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని ఎనిమిదో తరగతిలోనే చెబుతాం. కనుక కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఎడంగా ఉంటాయి. అయితే రక్తం ఉప్పునీరు అని మరచిపోకూడదు. సోడియం అయానులు ఈ ఋణావేశం చుట్టూ మూగి దాన్ని కప్పేస్తాయి. అందుచేత ఆ వికర్షణ ఒక నానోమీటరుకు మించి పెద్దగా పనిచేయదు. బాగా దగ్గరకు వస్తేనే తోస్తుంది.

ప్లాస్మాలో ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు ఉంది. దాని పొడవు సుమారు 45 నానోమీటర్లు. వికర్షణ అందని దూరం నుంచే రెండు కణాలకు వంతెన కట్టగలదు. ఒంట్లో ఎక్కడైనా వాపు, చీము, దీర్ఘకాలపు జబ్బు ఉన్నప్పుడు ఫైబ్రినోజన్ పెరుగుతుంది. అప్పుడు ఎర్రకణాలు నాణేల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. విడి నాణెం కంటె దొంతర వేగంగా అడుగుకు దిగుతుంది. ఇ.ఎస్.ఆర్. పరీక్ష అంటే ఇదే. సిట్రేటు కలిపిన రక్తాన్ని నిట్టనిలువు గాజు గొట్టంలో పోసి, గంట తరువాత కణాలు పైనుంచి ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. స్వీడన్‌కు చెందిన రాబిన్ ఫారియస్ 1918లో గర్భిణుల రక్తంలో కణాలు వేగంగా దిగడం గమనించాడు. అదే దేశపు వెస్టర్‌గ్రెన్ 1921లో ఈ పరీక్షకు పద్ధతి ఏర్పరచాడు. ఆయన పేరు గల గొట్టాలను ఇప్పటికీ వాడుతున్నారు.

మా అమ్మకు ఇ.ఎస్.ఆర్. 38 వచ్చినప్పుడు పక్కింటావిడ "క్షయ ఉన్నట్టుంది" అని వీధంతా చెప్పింది. క్షయలో ఇది పెరిగేమాట నిజమే. కీళ్లవాతంలో పెరుగుతుంది, గర్భంలో పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది, రక్తహీనతలోనూ పెరుగుతుంది. మా అమ్మకు ఉన్నది రక్తహీనత. కణాలు ఎంత వేగంగా దిగాయో గొట్టం చెబుతుంది గానీ జబ్బు పేరు చెప్పదు. పైగా గొట్టం రవ్వంత వాలినా కణాలు ఒక పక్కకు చేరి జారుతూ ఇంకా త్వరగా దిగుతాయి. బాయ్‌కాట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1920లోనే ఈ సంగతి రాశాడు. బల్ల ఊగిసలాడే ల్యాబులో ఇ.ఎస్.ఆర్. ఎక్కువ రావడానికి జబ్బే అక్కరలేదు.

ఇక కణం లోపలికీ బయటికీ ఉన్న తేడా గురించి క్లుప్తంగా. బయట ప్లాస్మాలో సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. కణం లోపల దీనికి సరిగ్గా తలకిందులు. పొటాషియం బయట కంటె లోపల ముప్పై రెట్లు ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టేది త్వచంలోని ఒక పంపు. సోడియాన్ని బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి లాగుతుంది. ఈ పంపును 1957లో కనిపెట్టిన డెన్మార్కు శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు నలభై ఏళ్ల తరువాత, 1997లో, నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. త్వచానికి లోపలి వైపు బయటి వైపు కంటె సుమారు పది మిల్లీవోల్టులు ఋణంగా ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీలో నూట యాభయ్యో వంతు, ఏమంత గొప్ప అనిపిస్తుంది. కానీ అది నాలుగు నానోమీటర్ల మందం మీద నిలిచి ఉంది. లెక్కకడితే మీటరుకు పాతిక లక్షల వోల్టుల బలం. గాలిలో మీటరుకు ముప్పై లక్షల వోల్టులైతే నిప్పురవ్వ ఎగురుతుంది.

దీని వల్ల ల్యాబు రిపోర్టులో ఒక చిక్కు వస్తుంది. రక్తం తీసేటప్పుడు సన్నసూదితో బలంగా లాగినా, గొట్టాన్ని గట్టిగా ఊపినా కొన్ని ఎర్రకణాలు పగులుతాయి. లోపలి పొటాషియం ప్లాస్మాలో కలుస్తుంది. రోగి ఒంట్లో సరిగా ఉన్న పొటాషియం కాగితం మీద ప్రమాదస్థాయిలో కనిపిస్తుంది. బ్లడ్ బ్యాంకులో చల్లగా దాచిన రక్తంలో కూడా, చలికి పంపు మందగించి, రోజులు గడిచేకొద్దీ పొటాషియం బయటికి కారుతూ ఉంటుంది. పసిబిడ్డలకు ఎక్కువ రక్తం ఎక్కించవలసి వస్తే, వీలైనంత తాజా రక్తం చూసి ఇవ్వడానికి ఇది ఒక కారణం.

సంతల్లో, బస్టాండుల్లో అయస్కాంతం కడియాలు అమ్మేవారు చెప్పే మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రక్తంలో ఇనుము ఉంది, అయస్కాంతం దాన్ని లాగి రక్తాన్ని పరుగెత్తిస్తుందని వారి వాదం. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ అనే ఇద్దరు అమెరికన్ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. ఆమ్లజని నిండిన రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, అతి స్వల్పంగా తోస్తుంది. ఆమ్లజని వదిలిన హిమోగ్లోబిన్‌ను లాగుతుంది గానీ అదీ అతి స్వల్పమే. మేకును లాగినట్టు లాగడం అన్నది లేదు. కడియం అంత బలమైనదే అయితే, దానికంటె ఎంతో బలమైన అయస్కాంతం గల ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకున్న మనిషి రక్తమంతా గోడకు అంటుకోవాలి కదా అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి తండ్రి చేతికి కూడా అలాంటి కడియమే ఉందని తరువాత తెలిసింది.

జ్వరం నుంచి లేచి బడికి వచ్చిన మా పిల్లవాడు ఈ పాఠమంతా విని, "టీచర్, కరెంటు పోతే రక్తం ఎట్లా లెక్కపెడతారు?" అని అడిగాడు. వాడి రక్తాన్ని పలక మీద చూసిన పెద్దాయన దగ్గరకే ఒక శనివారం నలుగురు పిల్లలను తీసుకుపోయాను. ఆయన బీరువాలోంచి గళ్ల గాజుపలక తీసి, తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. పిల్లలు ఒక్కొక్కరే ఎనభై గళ్లు లెక్కపెట్టారు. నలుగురికీ నాలుగు అంకెలు వచ్చాయి. 462, 481, 455, 497. ఇప్పుడు సరాసరి తీయమన్నారు ఆయన.